అరమైలు గోడ

లాస్ ఏంజెలెస్‌లో శాన్ ఫెర్నాండో లోయ గుండా టుజుంగా వాష్ అని ఒక వరద కాలవ పోతుంది. కాలవ అనగానే మా చీరాల వైపు కొమ్మమూరు కాలవలాగా గట్టున తుమ్మచెట్లూ, నీళ్ళలో గేదెలూ ఊహించుకోకండి. ఏడాదిలో చాలా రోజులు అందులో అడుగున సన్నటి ధార తప్ప నీళ్ళుండవు. అడుగూ, రెండు పక్కల గోడలూ అంతా కాంక్రీటే. 1938లో వచ్చిన పెద్ద వరద తరవాత అమెరికా సైన్యపు ఇంజనీర్లు లాస్ ఏంజెలెస్ నదినీ, దానిలో కలిసే వాగుల్నీ ఇలా సిమెంటు పెట్టెల్లో బిగించేశారు. నేను సివిల్ ఇంజనీరింగు చదివి సాఫ్ట్‌వేర్‌లో పడ్డవాణ్ణి. కాంక్రీటు చూస్తే ఇప్పటికీ నాలుగు నిమిషాలు ఆగి చూడడం అలవాటు. కానీ ఈ కాలవ దగ్గర నన్ను ఆపింది కాంక్రీటు కాదు, దాని మీద ఉన్న బొమ్మ.

ఆ కాలవ గోడ మీద 2,754 అడుగుల పొడవున, 13 అడుగుల పైచిలుకు ఎత్తున ఒకే ఒక్క బొమ్మ ఉంది. అంటే అరమైలు. కాలిఫోర్నియా చరిత్ర అంతా, మనుషులు లేని కాలం నుంచి 1950ల దాకా, వరసగా ఉంటుంది. దాన్ని 'గ్రేట్ వాల్ ఆఫ్ లాస్ ఏంజెలెస్' అంటారు. ఎదురు గట్టున నడుస్తూ చూడాలి. మామూలు నడకకి పది నిమిషాలు చాలు, చూస్తూ నడిస్తే గంట చాలదు.

రెండేళ్ళ కిందట ఒక ఆదివారం మా అమ్మాయిని అక్కడికి తీసుకెళ్ళాను. అప్పుడు దానికి పదిహేనేళ్ళు. తీసుకెళ్ళడానికి కారణం ఆ ముందు వారం మా ఇంట్లో జరిగిన చిన్న యుద్ధం. అయిదో ఏటి నుంచి పన్నెండో ఏటి దాకా అది ప్రతి ఉగాదికీ మా తెలుగు సంఘం వేదిక ఎక్కింది. పట్టు పరికిణీ, మూడు నిమిషాల పాట, చప్పట్లు, ఫొటోలు. ఆ తరవాత రానంది. ఎందుకు రావని మూడేళ్ళూ అడుగుతూనే ఉన్నాం. ఆ వారం మాత్రం విసుక్కోకుండా జవాబు చెప్పింది. "నేనక్కడ ఏం చెయ్యాలి నాన్నా? చిన్నపిల్లలు డాన్సులు చేస్తారు. మీరు కబుర్లు చెప్పుకుంటారు. నాకేం పని?"

దానికి నా దగ్గర జవాబు లేదు. ఉన్నమాట చెప్పాలంటే, పదమూడు దాటిన పిల్లలకి మా ఉగాదిలో నిజంగానే ఏ పనీ లేదు. వాళ్ళు కారులో కూర్చుని ఫోన్లు చూసుకుంటారు. మనం "ఈ కాలం పిల్లలు" అనుకుంటాం. ఆ "నాకేం పని" అన్న ప్రశ్న పట్టుకుని వెతుకుతూ పోతే తెలిసిన కథలే ఇవి. ఈ దేశంలో ఇదే ప్రశ్నకి కొందరు నూటముప్ఫై ఏళ్ళ నుంచీ జవాబులు వెతుకుతున్నారు.

ముందు గోడ సంగతి.

దాన్ని వేయించిన ఆవిడ పేరు జూడిత్ బాకా. 1946లో లాస్ ఏంజెలెస్‌లో మెక్సికన్ కుటుంబంలో పుట్టారు. అమ్మమ్మ ఒళ్ళో స్పానిష్ మాట్లాడుతూ పెరిగారు. బడిలో స్పానిష్ మాట్లాడడం నిషేధం, ఇంగ్లీషు రాదు. దాంతో పాఠాలు జరుగుతుంటే టీచరు ఈ పిల్లని ఒక మూల కూచోబెట్టి బొమ్మలు వేసుకోమనేవారట. భాష లేని పిల్లకి ఆ మూలే చోటయింది. తరవాత నార్త్‌రిడ్జ్‌లో కాలేజీ చదివి 1969లో పట్టా తెచ్చుకున్నారు. అప్పుడు ఆవిడకొక సందేహం వచ్చింది: నా బొమ్మలు గ్యాలరీలో పెడితే చూసేదెవరు? మా వాళ్ళెవరూ గ్యాలరీ గడప తొక్కినవాళ్ళు కారు కదా!

1970 వేసవిలో నగరపాలక సంస్థ ఆవిడకి తూర్పు లాస్ ఏంజెలెస్‌లోని బాయిల్ హైట్స్ పార్కుల్లో బొమ్మలు నేర్పే ఉద్యోగం ఇచ్చింది. ఆ పేటలో కుర్రాళ్ళ ముఠాలు గోడల మీద తమ పేర్లు రాసుకుని, ఇది మా వీధి అని చాటుకునేవి. అది చూసి ఆవిడ నాలుగు ముఠాల నుంచి ఇరవై మందిని పోగుచేసి ఒక జట్టు కట్టారు. ఆ నాలుగు ముఠాలకీ ఒకదానితో ఒకటికి పడదు. పని జరుగుతున్నప్పుడు ఎదుటి ముఠావాళ్ళో పోలీసులో వస్తుంటే సైగ చెయ్యడానికి కాపలా కూడా పెట్టుకున్నారట. హాలెన్‌బెక్ పార్కులో సంగీతకచేరీల కోసం కట్టిన వేదిక గోడల మీద ఆ పిల్లలు వేసిన బొమ్మ ఏమిటో తెలుసా? చేతులు చాచిన ఒక అమ్మమ్మ. పేరు 'మీ అబ్వెలీతా', అంటే మా అమ్మమ్మ. నాలుగు ముఠాలకీ అభ్యంతరం లేని మనిషి అమ్మమ్మ ఒక్కతే అయుండాలి.

ఇక కాలవ. నదుల్ని సిమెంటులో బిగించిన ఆ సైన్యపు ఇంజనీర్లే 1974లో టుజుంగా కాలవ పక్కన పార్కు వేస్తూ, గోడని కాస్త అందంగా చెయ్యగలరా అని బాకాని అడిగారు. ఆవిడ 1976లో మరో ఇద్దరితో కలిసి 'స్పార్క్' అనే సంస్థ పెట్టి ఆ వేసవిలోనే పని మొదలుపెట్టారు. మొదటి జట్టులో 80 మంది పిల్లలు, పదిమంది చిత్రకారులు, అయిదుగురు చరిత్రకారులు. ఆ పిల్లల్లో చాలామంది బాలనేరస్థుల కోర్టుల నుంచి వచ్చినవాళ్ళు. ఒక్క వేసవిలో వెయ్యి అడుగులు వేశారు. మిగతాది 1978, 1980, 1981, 1983 వేసవుల్లో పూర్తయింది. మొత్తం మీద 14 నుంచి 21 ఏళ్ళ వయసు పిల్లలు నాలుగువందల మందికి పైగా ఆ గోడ మీద పనిచేశారు. మెక్సికన్లూ, నల్లవాళ్ళూ, తెల్లవాళ్ళూ, ఆసియావాళ్ళూ అందులో ఉన్నారు. వేసవిలోనే ఎందుకంటే, చలికాలం వానలకి కాలవలో నీళ్ళొస్తాయి. పిల్లలకి ఊరికే రమ్మనలేదు, జీతం ఇచ్చారు.

పని ఎలా జరిగిందన్నది నాకు బొమ్మకంటే ఎక్కువ ఆసక్తి కలిగించింది. ముందు చరిత్రకారులు వచ్చి ఆయా దశాబ్దాల సంగతులు చెప్పేవారు. ఆ రోజులు చూసినవాళ్ళని పిలిచి వాళ్ళ నోట కథలు వినేవారు. విన్నది చిన్న కాగితం మీద బొమ్మగా మారేది. ఆ కాగితాన్ని చదరాలుగా కొట్టి, గోడ మీద పెద్ద చదరాలు గీసుకుని, ఒక్కొక్క చదరంలో ఉన్న గీతని గోడ మీదకి ఎక్కించేవారు. దానికి ముందు గోడ శుభ్రం చేసి, పూత పూసి సిద్ధం చెయ్యాలి. కాంక్రీటు గుంటలో, ఎండలో, నెత్తిన హెల్మెట్లతో.

ఈ చదరాల దగ్గర నేను కాసేపు ఆగిపోయాను. మీ చదరంలో ఒక మనిషి భుజం ఉంటుంది, చెయ్యి పక్క చదరంలో ఉంటుంది. పక్క చదరం వాడు మీకు పడని వీధివాడు కావచ్చు. అయినా సరే, గీత అక్కడ కలవాల్సిందే. కలవకపోతే చెయ్యి విరిగినట్టు కనిపిస్తుంది, అదీ 13 అడుగుల ఎత్తున, ఊరంతటికీ. కలిసిమెలిసి ఉండండి అని ఎవరూ ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు. పనే ఆ మాట చెబుతుంది.

వాళ్ళు వేసిన చరిత్ర కూడా బడి పుస్తకాల్లో వాళ్ళకి కనిపించిన చరిత్ర కాదు. 1871లో లాస్ ఏంజెలెస్‌లో చైనావాళ్ళని మూక చంపిన సంగతి ఉంది. 1930లలో మెక్సికన్లని రైళ్ళెక్కించి సరిహద్దు దాటించడం ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ సంతతివాళ్ళని శిబిరాల్లో పెట్టడం ఉంది. ఒక చోట ఫ్రీవేలు కొండచిలవల్లా మెలికలు తిరుగుతూ ఒకే కుటుంబంలో మనుషుల్ని ఈ పక్కకీ ఆ పక్కకీ విడదీస్తుంటాయి. 1950లలో ఫ్రీవేల కోసం మెక్సికన్ పేటల్ని చీల్చేసిన సంగతి అది. మా అమ్మాయి అక్కడ చాలాసేపు నిలబడింది. "ఇది ఎవరు వేశారు?" అంది. నీ వయసు పిల్లలు అన్నాను. నమ్మలేదు. ఇంటికొచ్చి తనే వెతుక్కుని చదివింది.

ఆ గోడని 2017లో అమెరికా జాతీయ చారిత్రక స్థలాల జాబితాలో చేర్చారు. 2021లో మెలన్ ఫౌండేషన్ దాని కొనసాగింపుకి అయిదు మిలియన్ల డాలర్లు ఇచ్చింది. 1950ల తరవాతి చరిత్రలో కొన్ని భాగాలని 2023-24లో లాస్ ఏంజెలెస్ కౌంటీ మ్యూజియంలో, చూడవచ్చినవాళ్ళ కళ్ళెదుటే, బాకా బృందం చిత్రించింది.

ఇప్పుడు గోడ పని మొదలైన ఏడాది నుంచి ఎనభై ఏడేళ్ళు వెనక్కి వెళ్ళాలి.

1889లో జేన్ ఆడమ్స్, ఎలెన్ గేట్స్ స్టార్ అనే ఇద్దరు స్నేహితురాళ్ళు షికాగో హాల్‌స్టెడ్ వీధిలో ఒక పాత భవంతి తీసుకుని అక్కడే కాపురం పెట్టారు. దాని పేరు హల్ హౌస్. చుట్టూ ఇటలీ, రష్యా, గ్రీసు దేశాల నుంచి కూలికి వచ్చిన జనం. పాత భవంతికి వాళ్ళు మొట్టమొదట జోడించిన కొత్త కట్టడం, 1891లో, చిత్రాల గ్యాలరీ! ఆకలితో ఉన్నవాళ్ళకి బొమ్మలెందుకని మనమైతే అడిగేవాళ్ళం. తరవాత సంగీతం, నాటకం, మట్టిపని, అన్నీ వచ్చాయి. క్లారినెట్ విద్వాంసుడు బెన్నీ గుడ్‌మన్ చిన్నతనంలో హల్ హౌస్ బాలుర బ్యాండులో వాయించినవాడే. ఆడమ్స్‌కి 1931లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది.

అయితే నన్ను పట్టుకున్నది బ్యాండు కాదు. 1900లో అక్కడ 'లేబర్ మ్యూజియం' అని ఒకటి తెరిచారు. వలస వచ్చిన ముసలివాళ్ళకి నూలు వడకడం, నేత లాంటి విద్యలు ఎన్నో తెలుసు. షికాగో కార్ఖానాల్లో వాటికి విలువ లేదు. వాళ్ళ పిల్లలేమో ఇంగ్లీషు నేర్చి, టోపీలు పెట్టి, అమ్మానాన్నల్ని చూసి సిగ్గుపడుతున్నారు. ఆ విద్యల్ని నలుగురి ఎదుటా చేసి చూపించే చోటు ఆ మ్యూజియం.

ఆడమ్స్ 1910లో రాసిన హల్ హౌస్ జ్ఞాపకాల పుస్తకంలో ఏంజెలీనా అనే ఇటాలియన్ పిల్ల కథ చెబుతారు. ఆ పిల్ల వంట నేర్చుకోవడానికి వచ్చేది, వాళ్ళమ్మ నూలు వడికి చూపించడానికి వచ్చేది. ఇద్దరూ వచ్చేది ఒకే భవనానికి. కానీ ఏంజెలీనా వాళ్ళమ్మతో పాటు ఒకే గుమ్మంలోంచి రాదు. అమ్మ తలకి గుడ్డ కట్టుకుంటుంది, మోటు బూట్లు వేసుకుంటుంది. స్నేహితులు చూస్తే? ఒకరోజు లోపలికి తొంగిచూస్తే అమ్మ చుట్టూ పెద్ద చదువులు చదివినవాళ్ళు మూగి, ఆమె కదురు తిప్పే తీరుకి ఆశ్చర్యపోతున్నారు. ఆ తరవాత ఆడమ్స్ ఆ పిల్లకి వాళ్ళమ్మ పుట్టిన ఊరి గురించీ, ఆ జీవితంలోని అందం గురించీ చెప్పారు. కొన్నాళ్ళకి ఏంజెలీనా తల్లితో కలిసి ఒకే గుమ్మంలోంచి రావడం మొదలుపెట్టింది. అప్పటిదాకా దాచేయించిన ఇంటి నేత బట్టల్ని అమ్మ పెట్టెలోంచి తియ్యనిచ్చింది.

ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకో చెబుతాను. మాది చీరాలలో నేత ఇల్లు. ముందు గదిలో నాన్న గుంట మగ్గం. అమ్మ ఆసు పోసేది, రాట్నం మీద కండెలు చుట్టేది. నా ఫీజుల్లో ఎన్ని ఆ కండెల్లోంచి వచ్చాయో లెక్క లేదు. ఇంజనీరింగు రెండో ఏడు సెలవుల్లో నలుగురు క్లాసుమేట్లు మా ఊరి సముద్రం చూడ్డానికి వస్తామన్నారు. వాళ్ళు వచ్చే ముందు నేను రాట్నాన్ని వెనక వసారాలోకి జరిపి పైన దుప్పటి కప్పాను. మగ్గాన్ని జరపలేం కదా, ఆ గది తలుపు దగ్గరికి వేశాను. అమ్మ చూసింది. ఏమీ అనలేదు. వాళ్ళు వెళ్ళిపోయాక తనే రాట్నం ఎత్తుకొచ్చి యథాస్థానంలో పెట్టుకుంది. ఏంజెలీనా ఎవరో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

మూడో కథ హార్లెమ్‌ది. 1930లో జేకబ్ లారెన్స్ అనే పదమూడేళ్ళ నల్లజాతి కుర్రాడు న్యూయార్క్‌లో తల్లి దగ్గరికి చేరాడు. అంతకుముందు కొంతకాలం ఎవరి ఇళ్ళలోనో పెరిగాడు. కొత్త ఊరు, తెలిసినవాళ్ళు లేరు, తల్లి రోజంతా పనికి వెళుతుంది. వీధుల్లో తిరుగుతాడన్న భయంతో ఆవిడ వాణ్ణి బడి అయ్యాక యుటోపియా చిల్డ్రన్స్ హౌస్ అనే చోట చేర్చింది. అక్కడ బొమ్మలు నేర్పే చార్లెస్ ఆల్‌స్టన్ అప్పటికింకా చదువుకుంటున్న యువకుడు. కుర్రాడు ఇంట్లో తివాచీల మీది గళ్ళనీ గీతల్నీ చూసి రంగులు వేస్తుంటే, ఇలా కాదు అలా వెయ్యమని సరిదిద్దకుండా రంగులూ కాగితాలూ ఇచ్చి వదిలేశాడు. ఆర్థిక మాంద్యం రోజుల్లో ఆ పిల్లవాడు హైస్కూలు మానేశాడు గాని, బొమ్మల చోటు మానలేదు. శిల్పి అగస్టా సావేజ్, 1937లో మొదలైన హార్లెమ్ కమ్యూనిటీ ఆర్ట్ సెంటర్‌కి తొలి డైరెక్టరు, పట్టుబట్టి అతనికి ప్రభుత్వ చిత్రకళా పథకంలో జీతం వచ్చే పని ఇప్పించారు. 1940-41లో లారెన్స్ దక్షిణాది నుంచి ఉత్తరాదికి నల్లవాళ్ళ వలస మీద 60 చిత్రాలు వేశాడు. వేసే ముందు హార్లెమ్ లైబ్రరీలో కూర్చుని ఆ వలస చరిత్ర అంతా చదివాడు. ఇవాళ అందులో సగం న్యూయార్క్ మోమాలో, సగం వాషింగ్టన్ ఫిలిప్స్ కలెక్షన్‌లో ఉన్నాయి. అతను వేసింది తన తల్లిదండ్రుల తరం కథే.

ఈ మూడు చోట్లా ఉన్న సామాన్యమైన అంశాలు ఏమిటని, వృత్తిరీత్యా వచ్చిన అలవాటు కొద్దీ, కాగితం మీద రాసుకున్నాను. ఒకటి, పిల్లల చేత ప్రదర్శన చేయించలేదు, పని చేయించారు. హల్ హౌస్‌లో కాకపోయినా గోడ దగ్గరా, లారెన్స్ విషయంలోనూ ఆ పనికి జీతం కూడా ఉంది. రెండు, ఆ పని చాలా కాలం సాగింది. రెండు వారాల రిహార్సలు కాదు, వేసవి తరవాత వేసవి. మూడు, పిల్లలకి తమ పెద్దల కథ తెలుసుకునే అవసరం పనిలోనే ఉంది. నాలుగు, పని అయ్యాక అది నలుగురూ నడిచే చోట నిలబడింది. ఇది నేను వేసిన భుజం అని చెయ్యి చూపించి చెప్పుకోవచ్చు.

బొమ్మలు వేస్తే ముఠాలు మాయమవుతాయనీ, ప్రతి పిల్లవాడూ బాగుపడతాడనీ నేను అనను. బొమ్మ పేదరికాన్ని తీర్చదు. ఏ ముఠా సంగతైనా సరే, మన ఇళ్ళలో పిల్లల దిగులైనా సరే, అది రంగుతో కప్పేది కాదు. నేను చెప్పేది చిన్న మాట. "నాకేం పని?" అని అడిగిన పిల్లకి మనం ఒక పని చూపించగలగాలి. చప్పట్లు కొట్టి సంతోషపెట్టే పని కాకుండా, అది లేకపోతే నిజంగా లోటు తెలిసే పని.

కిందటేడు ఉగాదికి నాలుగు నెలల ముందు మేం నలుగురు తల్లిదండ్రులం కలిసి, నాలుగడుగుల వెడల్పు ఎనిమిదడుగుల పొడవు ఉన్న ప్లైవుడ్ పలకలు ఆరు కొన్నాం. మా ఊరి లైబ్రరీలో శనివారం మధ్యాహ్నాలు గది దొరికింది. ఆరునెలల వీసా మీద వచ్చిన తాతలూ అమ్మమ్మలూ మా ఊళ్ళో ఎప్పుడూ ఓ పాతికమంది ఉంటారు. పార్కుల్లో బెంచీల మీద కూర్చుని ఉంటారు, వాళ్ళకీ ఇక్కడ పనేమీ లేదు. వాళ్ళ దగ్గర కథలు విని బొమ్మలు వెయ్యాలి, అదీ పథకం. మొదటి శనివారం పదకొండు మంది పిల్లలు వచ్చారు. చివరికి మిగిలింది ఏడుగురు. ఇద్దరికి పరీక్షలు, ఇద్దరికి విసుగు. కమిటీలో ఒక పెద్దాయన "ఈ పలకలు ఎక్కడ పెడతాం? వేదిక మీద చోటుండదు" అన్నారు. బాత్రూములకి వెళ్ళే వసారాలో పెట్టుకోమన్నారు. అదే మంచిదయింది. ఆ దారిన వెళ్ళనివారు ఎవరూ ఉండరు కదా!

నేను చేసింది చదరాలు గీయించడం మాత్రమే. ఒక తాతగారు కరెంటు శాఖలో పనిచేస్తూ పల్లెలో మొదటి స్తంభం పాతించిన రోజు చెప్పారు. ఒక అమ్మమ్మ 1977 దివిసీమ ఉప్పెన రాత్రి చెప్పింది. ఆవిడ చెబుతున్నంతసేపూ పిల్లలెవరూ ఫోను తియ్యలేదు. ఆవిడ మనవడికి ఆ సంగతి అంతవరకూ తెలియదు. మూడు శనివారాలు పట్టింది వాడికి ఆ నీళ్ళ రంగు కుదరడానికి.

మా అమ్మాయి మొదటి రెండు శనివారాలు రాలేదు. మూడోవారం వచ్చింది. అప్పటికి మా అమ్మ మా దగ్గరే ఉంది. వాళ్ళిద్దరి మధ్యా భాష అంతంత మాత్రం. ఇది సగం ఇంగ్లీషు, ఆవిడ పూర్తి చీరాల. మగ్గం గురించి చెప్పమంటే అమ్మ నా వైపు చూసి, "దాని గురించి ఎందుకులే అమ్మాయ్" అంది. ఆ చూపు నాకు అర్థమైంది. అప్పుడు రాట్నాన్ని దుప్పటి కింద దాచిన సంగతి నేనే చెప్పాను, ఇద్దరి ముందూ. ఇరవై అయిదేళ్ళు ఎవరికీ చెప్పని సంగతి. మా అమ్మాయి నన్ను చూసిన చూపు గురించి రాయను. అమ్మ మాత్రం నవ్వేసి, "దుప్పటి కప్పితే మంచిదేగా, దుమ్ము పడలా" అంది. ఆ తరవాత చెప్పడం మొదలుపెట్టింది.

ఉగాది రోజు ఆ వసారాలో ఏడుగురు పిల్లలూ తమ పలకల పక్కన నిలబడి వచ్చేపోయేవాళ్ళకి సంగతులు చెప్పారు. కారులో కూర్చున్న పిల్లలు కొందరు దిగి వచ్చారు, అందరూ కాదు. మా అమ్మాయి పలక మీద నాయనమ్మ రాట్నం ముందు కూచుని ఉంది. నాకైతే బ్రహ్మాండంగా కనిపించింది. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని దగ్గరికి వెళ్ళి చూసి, "ఏమే, నూలు ఈ పక్కనుంచి రాదే. ఇట్లా చుడితే కండె నిలబడదు, ఊడిపోద్ది" అంది.

అది అప్పటికప్పుడు రంగు డబ్బా తెచ్చుకుని కింద కూచుంది. అమ్మ పక్కన కుర్చీ వేసుకుని కూచుని, గాల్లో చెయ్యి తిప్పి చూపిస్తూ ఉంది. లోపల వేదిక మీద పంచాంగ శ్రవణం మొదలైంది. నేను వెళ్ళలేదు.